కడుపు కోసం వేసిన మాల

పరశురాములు మా కరీంనగర్ కాలనీల అందరికి ఎర్కే, ఎందుకంటే బాగ తింటడు. ఆయన లైన్‌మన్ అన్న సంగతి మాత్రం కరెంటు పోయినప్పుడే యాదికొస్తది.

పొద్దుగాల సైకిల్ మీద మానేరు డ్యాం కట్ట దాకా పోయి వస్తడు. వచ్చినంక స్తంభాలు ఎక్కుతడు, దిగుతడు, మళ్ల ఎక్కుతడు. ఒంటి మీద చిటికెడు కొవ్వు లేదు. బొక్కలు, నరాలు, ఆకలి, గంతే మనిషి.

బక్కగుండి బాగ తినుడు మా కాలనీల తప్పు. లావుగున్నోడు తింటే ఏమనం. పాపం థైరాయిడ్ కావచ్చంటం. బక్కోడు తింటే మాత్రం, తిన్నదంత ఎటు పోతుందని మాకు ఫికర్. మేమంత పొద్దుగాల వాకింగ్ పోతం, వచ్చేటప్పుడు బండి కాడ దోస తిని వస్తం. ఎవ్వల ఒళ్లు తగ్గలే గని, తిండి గురించి తెలివి మాత్రం బాగ పెరిగింది.

పరశురాములు భార్య నవనీత ప్రైవేట్ బడిల టీచర్. నవనీత తల్లి బాలలక్ష్మి వీళ్ల తోనే ఉంటది. ఆమెకు షుగర్ వచ్చింది. ఫోన్ల ఎవడో డాక్టర్ చెప్పిండని రాత్రికి మనిషికి రెండే పుల్కలు అని పెట్టుకున్నరు.

"షుగర్ మీకు కదా అత్తమ్మా" అన్నడు పరశురాములు.

"ఒక్కలకు రోగమొస్తే ఇంటిల్లిపాది పత్యం చెయ్యాలె అల్లుడూ. అదే ప్రేమ."

ఆ ప్రేమ రెండు పుల్కల కంటె ఎక్కువ ఎన్నడు కాలే.

ఊకే ఆకలి అంటుండని దవాఖానకు గూడ తోల్కపోయిన్రు. రక్తం తీసిన్రు, కడుపుల పురుగులున్నయా అని సూసిన్రు. ఏం లెవ్వు. "కష్టం చేస్తుండు, తింటుండు. తిననియ్యుండ్రి" అన్నడు డాక్టర్. బయటికొచ్చినంక బాలలక్ష్మి "వీడు సక్కగ సదివినట్టు లేడు" అన్నది. ఇంకో డాక్టర్ కాడికి పోయిన్రు. ఆయన గూడ గదే మాట అన్నడు. ఆయన ఏసీ గదిల కూసొని అన్నడు గాబట్టి జర నమ్మిన్రు. నమ్మిన్రు గని పుల్కలు పెంచలే.

ఓ పెండ్లిల పరశురాములు మళ్లమళ్ల అన్నం కాడికి పోతుంటే నవనీత చిన్నాయన కొడుకు వీడియో తీసి ఇంటోళ్ల గ్రూపుల పెట్టిండు. అందరు పండ్లు కనపడేటట్టు నవ్వే బొమ్మలు పెట్టిన్రు. వాపస్ ఆటోల నవనీత ఏడ్సింది.

"నా ఇజ్జత్ తీసినవ్."

"ఆకలైంది."

"ఆకలైతే ఇంట్ల చెప్పాలె."

"ఇంట్ల చెప్తే, పెండ్లిల తిందువుగని ఆగు అన్నవ్."

అటెంక ఆయన చెప్పుడు బంద్ చేసిండు. నీళ్లు తాగుడు సురువు చేసిండు. ఆయన జోడు పనోడు సంపత్ కింద నిచ్చెన పట్టుకొని పైకి సూసి అంటుండె, "అన్నా, చేతులు వణుకుతున్నయే?"

"గాలి."

"ఆకు కదుల్తలే, గాలెక్కడిది?"

గసొంటి రోజులల్ల ఒక ఇంటికి తీగ సరిచేయ పోయిండు. ఆ ఇంట్ల హనుమాన్ దీక్ష స్వాములకు భిక్ష పెడుతున్నరు. పరశురాములు నిచ్చెన మీదికెల్లి సూసిండు. కాషాయం కట్టుకున్నోళ్లు బంతిల కూసున్నరు. ఇంటి పెద్ద చేతులు జోడించి, వంగి, "ఇంకొంచెం స్వామీ, మీరు తింటే మా ఇల్లు సల్లగుంటది" అని బతిమిలాడుతుండు. వద్దన్నా పులిహోర పడుతున్నది. ఎవ్వలు నవ్వుతలేరు.

వారం తిరగక ముందే పరశురాములు మాల వేసుకున్నడు. భక్తి లేదని కాదు, ఉన్నది. భక్తి, ఆకలి రెండు లోపటనే ఉంటయి గాబట్టి, ముందుగాల మేల్కొన్నది ఏదో ఆయనకు గూడ సక్కగ తెల్వది.

బాలలక్ష్మి అల్లుని కాళ్లు మొక్కింది. పగటి పూట ఒక్కటే భిక్ష, గని ఆ ఒక్క పూట ఆయన్ని ఆపేటోడు లేడు. మా కాలనీల పోటీ పడ్డది. "మా ఇంట్ల స్వామి పరమాన్నం గంజు ఖాళీ చేసిండు" అని ఒకరు. "మా ఇంట్ల మూడు తాపలు పప్పు పెట్టించుకున్నడు" అని ఇంకొకరు. అదే చిన్నాయన కొడుకు మళ్ల వీడియో తీసి అదే గ్రూపుల పెట్టిండు. గీసారి అందరు దండం బొమ్మలు పెట్టిన్రు.

మండలం నిండినంక కొండగట్టు పోయి మాల తీసిండు. ఆ రాత్రి ఇంట్ల రెండు పుల్కలు. నెల తిరగక ముందే మళ్ల మాల వేసుకున్నడు. గురుస్వామి అడిగిండు, "మొన్ననే తీస్తివి కదా స్వామీ?"

"మొక్కు మిగిలింది స్వామీ."

మూడోసారికి నవనీతకు సమజైంది. "నువ్వు దేవుని కోసం ఏసుకుంటున్నవా, పప్పు కోసమా?"

"స్వామి అనాలె" అన్నడు పరశురాములు.

దీక్షల చెప్పులుండయి. ఆయన బూట్లు ఆఫీసుల మూలకు పడ్డయి. స్తంభం మీదికి ఉత్త కాళ్లతోటే ఎక్కుతుండు. ఆఫీసర్ సార్ సూసి మొఖం అటు తిప్పుకున్నడు, స్వామికి బూట్లు తొడుగుమంటే పాపం తనకు తగుల్తదని. సంపత్ ఒక్కడే అన్నడు, "పని కాడనైనా బూట్లేస్కో అన్నా. దేవుడేమనడు."

"దేవుడనడు. మీ వదినె అంటది. బూట్లేసుకుంటే గదేం దీక్ష, తీసెయ్ అంటది. తీస్తే ఏం తినాలె?"

ఎండకాలం. కాలేజీల పాఠం చెప్పే శ్యాంసుందర్ సార్ ఇంట్ల భిక్ష. షామియానా, కూలర్లు, మైకు, వీడియో తీసెటోడు. సార్ తన చేతులతోటి స్వాముల కాళ్లు కడిగిండు. పరశురాములు కాళ్లు రెండు సార్లు కడిగిండు, మొదటిసారి వీడియో సక్కగ రాలేదని. స్వాములు బంతిల కూసున్నరు. ఇస్తార్లల్ల వంకాయ కూర పడ్డది. అన్నం గంప బయటికొచ్చింది. గప్పుడు కరెంటు పోయింది.

మేమంత పరశురాములు దిక్కు సూసినం.

"మీరు కూసోండ్రి స్వామీ, లేవద్దు" అన్నడు శ్యాంసుందర్ సార్. అనుకుంటనే చెవిల మెల్లగ, "కూలర్లు బందైనయి, వచ్చినోళ్ల ముందట జర మంచిగుండదు. మీరొచ్చే దాకా ఎవ్వలకు వడ్డించం."

పరశురాములు అన్నం గంప దిక్కు సూసిండు. నిన్న పగటి నుంచి ఆయన కడుపుల పడ్డది రెండు అరటిపండ్లు, గ్లాసెడు పాలు. లేచిండు.

గల్లీ మూలకు స్తంభం మీద తీగ తెగింది. సంపత్‌ను పిలిపిచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ కాడ లైన్ బంద్ చేపిచ్చి, నిచ్చెన వేసుకొని ఎక్కిండు. కాళ్లు ఇంక తడి ఆరలే.

గీ దిక్కు శ్యాంసుందర్ సార్ ఆగలే. టెంటు హౌజోని జనరేటర్ ఉన్నది. దాని తీగ తెచ్చి ఇంటి మీటర్ బోర్డుకు తలిగిచ్చిండు. మెయిన్ స్విచ్ బంద్ చెయ్యాలన్న సంగతి ఆయనకు తెల్వది. ఆయన చెప్పేది చరిత్ర. ఇంట్లకు పోవాల్సిన కరెంటు తీగ వట్టుకొని ఉల్టా స్తంభం మీదికి గూడ పోయింది.

కూలర్లు తిరిగినయి. మైకు మోగింది. వచ్చింది, వచ్చింది అని మేం చప్పట్లు కొట్టినం. పరశురాములు స్వామి పనిమంతుడు అన్నం. గంతల్నే గల్లీ మూలకెల్లి సంపత్ ఒర్లిండు.

షాక్ కొట్టిన పరశురాముల్ని ఆటోల వేసుకొని దవాఖానకు పోయినంక మేం కొద్దిసేపు నిలబడ్డం. వండింది పారేస్తే పాపం. తిన్నం. పులిహోరల ఉప్పు తక్కువైంది, గని గసొంటప్పుడు అనుడు మంచిగుండదని ఎవ్వలం అనలే.

పాణం నిలిచింది. కుడి చెయ్యి మోచేతి దాకా తీసేసిన్రు. కట్టు కట్టేటప్పుడు నర్సు మాలను కత్తెరతోటి కోసింది.

"ఇగ స్తంభాలెక్కేది లేదు, ఆకలి గూడ తగ్గుతది బిడ్డా" అని బాలలక్ష్మి నవనీతను సముదాయించింది. డాక్టర్ వేరే చెప్పిండు. కాలిన ఒళ్లు మానాలంటే మామూలు కంటె ఎక్కువ తినాలె, గుడ్లు, పప్పు, అన్నం, ఎంత తింటే అంత పెట్టుండ్రి అన్నడు. గీ డాక్టర్ సదువు మీద ఎవ్వలకు అనుమానం రాలే.

నవనీత పెద్ద టిఫిన్ క్యారేజీ నిండ తెచ్చింది. ఎడమ చేతికి సెలైన్ సూది ఉన్నది గాబట్టి తనే కలిపి నోట్లె పెట్టింది. నాలుగు బుక్కలు తిన్నంక పరశురాములు తల అటు తిప్పిండు.

"సాలు."

కడుపు గుర్రుమన్నది. పక్క మంచమోడు గూడ ఇన్నడు.

"ఆకలి లేదా?" అన్నది నవనీత.

"ఉన్నది."

"మరేంది?"

"ఇన్నొద్దులు నా చేతితోటి తింటేనే అందరు లెక్క పెట్టిన్రు" అన్నడు. "ఇగ బుక్క బుక్కకు నోరు తెరువాలె. సూసెటోళ్లు ఎంతమందో."

నవనీత పప్పు, అన్నం మళ్ల కలిపింది. గీసారి బుక్క పెద్దగ చేసింది, గిన్నె మొత్తం ఒక్కసారే ఖాళీ చేసేటట్టు. ఆయన నోటి కాడ పట్టుకొని కూసున్నది.

"ఎవ్వలు సూస్తలేరు. తిను" అన్నది.

తలుపు కాడ పండ్ల సంచులు పట్టుకొని మేం సూస్తనే ఉన్నం.