మందు పడని వరుస

పదకొండు మందుల్లో ఒక్కటీ పని చేయదని మిషన్ తేల్చింది.

టెక్నీషియన్ కళ్లు నులుముకుని ప్లేటును మైక్రోస్కోపు కింద పెట్టింది. పన్నెండు వరుసలు, వరుసకు ఎనిమిది గుంటలు. పేషెంటు కణితి నుంచి సూదితో తీసిన కణాలు అన్నింట్లోనూ ఉన్నాయి. మొదటి వరుసను మందు లేకుండా వదిలేసి, తక్కిన వాటిలో వరుసకో మందు వేయాలి. మూడు రోజులాగి, ఎక్కడెన్ని చచ్చాయో మొదటి వరుసతో పోల్చి చూడాలి.

చచ్చినవి మొదటి వరుసలోనే ఉన్నాయి. పన్నెండో వరుసలో కణాలు అన్నిటికన్నా కిక్కిరిసి ఉన్నాయి. అంటే అక్కడ మందు పడనేలేదు.

సోమవారం ఆమె మందులు వేసిన వాటిలో అది నాలుగో ప్లేటు. మొదటి వరుస వదలడం మరిచి అక్కడి నుంచే మొదలుపెట్టి ఉంటే, కణాలను చంపింది మొదటి మందు. ప్లేటును అటుదిటుగా తిప్పి పెట్టి ఉంటే పదకొండోది. ఏది చేసిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మళ్లీ చేద్దామంటే కణాలు మిగల్లేదు.

ల్యాబ్ పెద్దాయన విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"మొదటి మందని రాసెయ్యమ్మా. నాకు తెలీదు, నీకు తెలీదు, ప్లేటుకి నోరు లేదు."

"నాకుంది కదా సార్."

"అయితే బయట కూర్చున్న ఆవిడకి నువ్వే వెళ్లి చెప్పుకో. నన్ను లాగకు."

పేషెంటు అక్క పొద్దుటి నుంచీ వరండాలో బెంచీ మీదే ఉంది. టెక్నీషియన్‌ను చూసి లేచింది.

"దొరికిందా మేడమ్?"

"పని చేసే మందు ఒకటుందక్కా. అదేదో చెప్పలేను. ప్లేటులో మందులు వేసేటప్పుడు నేనే తప్పు చేశాను. మీ చెల్లికి మళ్లీ సూది గుచ్చి కణాలు తియ్యాలి."

అక్క కూర్చుంది. చీర కొంగు తీసి ముంజేయి చూపించింది. పంటి గాట్లు ఇంకా మానలేదు.

"పోయినసారి సూది దిగినప్పుడు కొరికింది. కేక వేస్తే పక్క మంచాల వాళ్లు లేస్తారని."

టెక్నీషియన్ వంగి ఆ గాట్లను చూసింది.

"ఈసారి మీ చెయ్యి పెట్టండి," అంది అక్క.

"ఎన్నింటికి రమ్మంటారు?"

అక్క ఆమె మొహంలోకి చూసింది. వేళాకోళం కాదని తెలిశాక కొంగు సర్దుకుంది.

"తొమ్మిదింటికి. తప్పు చేసింది మీరేనని దానికి కూడా మీరే చెప్పాలి. నా వల్ల కాదు."