కట్టవ్వని ఫోను

పొద్దున్నే ఝాన్సీ స్టవ్ వెలిగించేసరికే మొగుడి గొంతు మొదలైపోయేది. దేవేంద్ర సాలూరు లారీ డ్రైవరు. మనిషి ఏ ఘాట్ రోడ్డులో ఉన్నా, గొంతు కాపురం మాత్రం పొందూరులో పెళ్లాం ఫోన్లోనే. కాల్ కట్ చెయ్యకూడదని ఆర్డరు. ఇంట్లో వైఫై మీద ఉండేది, గుమ్మం దాటగానే టవరు మీదకి మారేది, ఆమదాలవలసలో రైలు దిగితే స్టేషను వైఫై, అక్కణ్ణుంచి ఆవిడ పనిచేసే బట్టల కొట్టు వైఫై. గొంతు పాతదాని మీంచి కాలు తియ్యకముందే కొత్తదాని మీద కాలు పెట్టేసేది. ఒక్క తిట్టు కూడా మధ్యలో తెగేది కాదు.

ఆటోలో జనం ఇద్దరికి చోటిచ్చేవాళ్లు. "జరగండర్రా, ఆయమ్మతో ఆళ్లాయన గొంతున్నాది" అనేవాళ్లు. అది కూర్చున్న చోట సీటు అణిగేది.

ఓసారి కొట్లో ఫోను ఆపేసి కూడా చూసింది. గొంతు పక్కన పనిచేసే అనిత ఫోన్లోకి దూకి, "ఎవుల్తో ఉన్నావే?" అని అక్కణ్ణుంచి అరిచింది. "నీ మొగుణ్ణి నువ్వే ఉంచుకో తల్లీ" అని అనిత విసుక్కుంది. ఝాన్సీ సిగ్గుతో చచ్చిపోయి తన ఫోను మళ్లీ ఆన్ చేసింది.

ఒక రోజు గొంతు కొత్త మాట పట్టుకుంది. "ఇయ్యాలే షావుకారికి సెప్పీ, పని మానేస్తన్నానని. రేపు సాలూరొచ్చి మాయమ్మ కాడ పడుండు."

తనదని చెప్పుకోడానికి ఝాన్సీకున్నది ఆ పనొక్కటే. ఆ పాపిష్టోడి కంట్లో అదీ నలుసైంది. సాయంత్రం దాకా పళ్లు బిగించి చీరలు మడిచింది, షావుకారికి ఏమీ చెప్పలేదు.

"సెప్పినావా?" అంది గొంతు, స్టేషను దారిలో.

"సెప్పను."

"కాళ్లిరగ్గొడతానే!"

ప్లాట్‌ఫారం మీద ఎక్స్‌ప్రెస్ ఆగి ఉంది. ఏసీ పెట్టెలో ఎవరో పెద్దమనిషి హాట్‌స్పాట్ పెట్టుకుని సినిమా చూస్తున్నాడు. సిగ్నల్ ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడికి పోవడం ఆ గొంతుకి అలవాటు. ఝాన్సీ వెళ్లి ఆ పెట్టె తలుపు పక్కనే నిలబడింది. గొంతు తిడుతూ తిడుతూనే ఒక కాలు లోపల పెట్టింది. మెట్టు కిర్రుమంది.

"మాటాడవేటే?"

"ఇంటన్నాను. నువ్వు తిట్టు, బాగా తిట్టు."

రెండో కాలూ పెట్టింది. రైలు కదిలింది. ఝాన్సీ టక్కున ఫోను ఆపేసింది.

గొంతు వెనక్కి దూకబోయింది గానీ పట్టుకోడానికి ఆవిడ ఫోను లేదు, ఇంకోటి దొరికేలోపు పెట్టె ప్లాట్‌ఫారం దాటేసింది. "ఏటే, ఎక్కడున్నావే?" అంటూ ఈ ఫోన్లోంచి ఆ ఫోన్లోకి వెతుక్కుంటూ పలాస వైపు పోయింది. పెట్టెలో వాళ్లు కాస్త సర్దుకుని దానికి చోటిచ్చారు.

రెండ్రోజులకి దేవేంద్ర పొందూరొచ్చాడు. గుమ్మంలో నిలబడి నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి, మొహం కందగడ్డయింది. చిన్న సవ్వడి కూడా రాలేదు. జాలేస్తుందేమోనని ఝాన్సీ ఒక్క క్షణం చూసుకుంది. వెయ్యలేదు.

క్యారేజీ మూత బిగించి అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"కొట్టుకి ఎల్తన్నాను. వద్దనుకుంటే ఇప్పుడే సెప్పు."

అతని నోరు ఆడింది, ఆడింది. అది అలిసిపోయి మూతపడేదాకా ఝాన్సీ ఓపిగ్గా నిలబడింది.

"ఏటీ అన్లేదు కదా? మరి నానెల్తాను" అని గుమ్మం దిగింది.