మూడో పాటలోని మెట్లు

ఇటలీలోని ఓడరేవు పేట సంపియెర్దరేనాలో రైల్వే వంతెన పక్కనున్న బార్‌లో శనివారం మధ్యాహ్నాలు కిటికీ దగ్గరి బల్ల ముగ్గురిదే. వేరేవాళ్ళెవరైనా కూర్చుంటే బార్ యజమానురాలు వాళ్ళని మర్యాదగానే లేపేసేది. ఒరియానో మున్సిపాలిటీలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. దెల్మో బస్సు డ్రైవరు, వాడూ రిటైరే. నీవెస్ మాత్రం ఇంకా రెండు వీధుల అవతల మందుల షాపు నడుపుతోంది. ఆ ముగ్గురినీ కలిపింది ‘క్వార్తా మరేయా’ అనే బ్యాండ్. డెబ్భైలలో ఈ ఊళ్ళోనే పుట్టి, ఒక్కో పాట అరగంట సాగదీసి, ఇటలీ అంతటా కుర్రకారుని జుట్టు పెంచుకునేలా చేసిన బ్యాండ్. ఆ జుట్టు ఇప్పుడు ముగ్గురిలో నీవెస్‌కి ఒక్కదానికే మిగిలింది.

అభిమాన సంఘం పెట్టింది ఒరియానో. దాని పత్రికకి సంపాదకుడూ వాడే. అందుకని బ్యాండ్ గురించి ఆఖరి మాట తనదేనని వాడి నమ్మకం.

“డెబ్భై ఐదుతో కథ ముగిసింది,” అనేవాడు శనగపిండి ఫరినాతా ముక్క తుంచుకుంటూ. “ఆ తర్వాత వచ్చినవి ఆల్బమ్‌లు కావు. మేమింకా బతికే ఉన్నాం అని చుట్టాలకి పంపించే ఫోటోలు.”

“ ‘తక్కువ వెలుతురు’ ఆల్బమ్ కూడానా?” అనేది నీవెస్.

“అది ఎక్స్‌రే ఫోటో.”

దెల్మో నవ్వేవాడు. వాడు ఎవరు జోకేసినా నవ్వుతాడు. అందుకే ఆ బల్ల దగ్గర అన్నేళ్ళు నెగ్గుకొచ్చాడు.

“ తొలి ఆల్బమ్ ‘రాతి వాన’లో ఇరవై రెండు నిమిషాల పాట ఉంది,” అనేవాడు ఒరియానో. “అందులో ఒక్క నిమిషం తీసెయ్, చూద్దాం.”

“సగం తీసేస్తాను. ఎవరికీ తెలీదు.”

“చూశావుట్రా దెల్మో, డాక్టరమ్మ డోసు తగ్గిస్తోంది.”

మందుల షాపు వాళ్ళని అక్కడ అందరూ డాక్టరమ్మా అనే పిలుస్తారు. కానీ ఒరియానో నోట్లో ఆ మాటకి చిన్న ముల్లుండేది. నీవెస్ పట్టించుకునేది కాదు. ఆమె వాదన ఒకటే. తొలి ఆల్బమ్‌లలో ఆర్గాన్ వాయించే అమెదేయో బ్రూనెంగో తన వేళ్ళు ఎంత దూరం పరిగెత్తగలవో చూపించుకున్నాడు. తర్వాత ఆయనకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి సగం పడిపోయింది. అప్పుడు ఏ స్వరం వదిలెయ్యాలో నేర్చుకున్నాడు. వదిలేసిన చోట వినేవాళ్ళే ఆగి దాన్ని పూరించుకుంటారు.

“అంటే పక్షవాతం వస్తే సంగీతం బాగుపడుతుందంటావు,” అనేవాడు ఒరియానో. “దెల్మో, నీ బీపీ ఎంతరా? వెంటనే ఒక ఆర్గాన్ కొనుక్కో.”

ఆమె కూడా నవ్వేది. ఇన్నేళ్ళలో ఆమెని ఆ బల్ల దగ్గర ఎవరూ ఒప్పుకోలేదు, అలాగని పొమ్మనీ అనలేదు. ఆమెకది చాలనిపించేది.

తండ్రి పోయిన చలికాలంలో ఒక్కసారే ఆమె తన మనసులో ఉన్నది బయటికి చెప్పింది. ఓడల కార్ఖానాలో పనిచేసిన మనిషి ఆయన. చివరి రోజుల్లో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఐదో అంతస్తు, లిఫ్టు లేదు. అయినా రోజూ కిందికి దిగి పేపరు కొనుక్కుని పైకి ఎక్కొచ్చేవాడు. ఆమె వంటింట్లో నిలబడి వినేది. కొన్ని మెట్లు, ఆగడం. ఇంకొన్ని మెట్లు, ఇంకాస్త ఎక్కువసేపు ఆగడం. సాయానికి వెళ్తే ఆయనకి కోపం. అందుకని చేతిలో గరిట పట్టుకుని అలాగే ఉండిపోయేది, మళ్ళీ అడుగు వినిపించేదాకా.

“ ‘తక్కువ వెలుతురు’ మూడో పాటలో ఆర్గాన్ సరిగ్గా అలాగే వస్తుంది,” అంది ఆరోజు. “కాస్త ఎక్కి ఆగుతుంది. మళ్ళీ ఎక్కి ఆగుతుంది. ప్రతిసారీ, ఇప్పుడింక రాదేమో అని మనకి భయం వేస్తుంది. ఆఖర్న ఒకసారి నిజంగానే రాదు. పాడుతున్న బ్రూనెంగో గొంతు ఒక్కటే మిగులుతుంది. మెట్లు ఎక్కుతున్న మనిషి కోసం తలుపు అవతల నిలబడ్డవాళ్ళకే ఆ పాట అర్థమవుతుంది.”

దెల్మో గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు.

“మంచిది,” అన్నాడు ఒరియానో. “ఇక నుంచి ఆల్బమ్‌లకి మార్కులు ఊపిరితిత్తుల డాక్టరు వేస్తాడు.”

అందరూ నవ్వారు. నీవెస్ కూడా నవ్వింది. తర్వాత చాలాకాలం ఆమెకి ఒరియానో మాట కన్నా తన నవ్వే ఎక్కువగా గుర్తుకొచ్చి ఒళ్ళు మండేది. ఆ మాటలే పత్రికకి రాసిస్తానని అడిగితే, “మనది సంగీత పత్రిక తల్లీ, సంతాప పత్రిక కాదు,” అన్నాడు వాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

కొన్నేళ్ళకి క్వార్తా మరేయా కొత్త ఆల్బమ్ వస్తోందని తెలిసింది. మిగిలినవాళ్ళు పోగా బ్యాండ్‌లో పాతవాడు బ్రూనెంగో ఒక్కడే. సంపియెర్దరేనాలోని పాత థియేటర్ హాల్లో ఆదివారం సాయంత్రం ఆవిష్కరణ అన్నారు. ఒరియానో ముందు శనివారమంతా అదోలా ఉన్నాడు. ఏ ఆల్బమ్‌నీ తిట్టలేదు.

“రేపు కాస్త మంచి బట్టలేసుకుని రండి,” అన్నాడు లేచేటప్పుడు. “ముందు వరసలో కూర్చోండి.”

“ఎందుకురా? నీ పెళ్ళా?” అన్నాడు దెల్మో.

“వస్తే తెలుస్తుంది.”

నీవెస్ నీలం కోటు వేసుకుని వెళ్ళింది. ఆవేళ ఆమెకి లోపల చాలా సంతోషంగా ఉంది. డెబ్భై ఐదు తర్వాత ఈ బ్యాండ్ లేదన్న మనిషి కొత్త ఆల్బమ్ పండక్కి తమని పిలుస్తున్నాడు. ఎక్కడో మెత్తబడ్డాడన్నమాట అనుకుంది.

వేదిక మీద బ్రూనెంగో పక్కన ఒరియానో కూర్చుని ఉన్నాడు. టై కట్టుకున్నాడు. ఆల్బమ్ అట్ట లోపల వేసే వ్యాసం అభిమానుల్లోని పెద్దాయనే రాశారని రికార్డు కంపెనీ అమ్మాయి చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒరియానో కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

మొదటి పేరాలో వదిలేసిన స్వరాలు వచ్చాయి. ఏది వాయించకూడదో నేర్చుకున్న చెయ్యి వచ్చింది. దెల్మో మోచేత్తో పొడిచాడు. “నీ మాటలే,” అన్నాడు గుసగుసగా, మెచ్చుకోలుగా. నీవెస్ తల ఊపింది. అప్పటిదాకా ఆమెకి గర్వంగానే ఉంది. చివర్లో తన పేరు చెబుతాడేమోనని కూడా అనుకుంది.

“మా నాన్నకి ఊపిరాడేది కాదు,” అని చదివాడు ఒరియానో. “ఆయన మెట్లెక్కి వస్తుంటే నేను వంటింట్లో నిలబడి వినేవాణ్ణి.”

అక్కణ్ణుంచి ‘తక్కువ వెలుతురు’ మూడో పాట దాకా అంతా అదే. ఆగడం, ఇంకాస్త ఎక్కువసేపు ఆగడం, కోపం, గరిట. గరిట కూడా వదల్లేదు. వాడి గొంతు ఒకచోట వణికింది, నిజంగానే. హాల్లో ఎవరో ముక్కు చీదారు. బ్రూనెంగో కుడిచేత్తో కళ్ళు తుడుచుకుని, లేచి ఒరియానోని కావలించుకున్నాడు. “నేను ఆ పాటలో ఏం చేశానో ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు,” అన్నాడు మైకులో. “ఈయన చెప్పాడు.”

“ఒరియానో వాళ్ళ నాన్న ఉన్నది గ్రౌండ్ ఫ్లోరు కదా,” అన్నాడు దెల్మో మెల్లగా.

సంతకాల వరుసలో ఆమె నిలబడింది. వెళ్ళిపోదామనే అనుకుంది గానీ కాళ్ళు అటు నడిచాయి. బ్రూనెంగో దగ్గరికి వచ్చాక ఆల్బమ్ ఇవ్వలేదు. వంగి చెప్పింది.

“మేస్ట్రో, ఆ మెట్లు మా నాన్నవి.”

ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. చుట్టూ గోల. ఆమె ముఖంలోకి చూసి చాలా ప్రేమగా చెయ్యి పట్టుకున్నాడు.

“అవునమ్మా. అందరి నాన్నలూ అంతే. ఎంత బాగా రాశాడో కదూ?”

వెనకాల ఉన్నవాళ్ళు ముందుకు తోశారు.

బయట మెట్ల మీద ఒరియానో సిగరెట్ కాలుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళని కాస్త పక్కకి జరిపి ఆమె దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“ఏమంటావు?”

“మీ నాన్న ఎప్పుడు మెట్లెక్కాడు?”

“అబ్బా, నీవెస్. రాసేటప్పుడు ‘నేను’ అని రాస్తేనే బాగుంటుంది. ‘మాకు తెలిసిన ఒకావిడ వాళ్ళ నాన్న’ అని రాస్తే ఎవడు చదువుతాడు?”

“ఆరోజు నవ్వావు నువ్వు.”

“ఆరోజు నాకు అర్థం కాలేదు. తర్వాత అయింది. అర్థమవడం తప్పా?”

“నేను రాస్తానంటే వద్దన్నావు.”

“మా పత్రికకి వద్దన్నాను. నీ చెయ్యి పట్టుకుని ఆపలేదుగా. ఇన్నేళ్ళలో ఎక్కడైనా రాసుకోవచ్చు. బార్‌లో చెప్పిన మాట బార్‌లో అందరిదీ.”

దెల్మో మధ్యలోకి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. వాడికి గొడవలంటే భయం.

“వదిలెయ్ నీవెస్. చివరికి నీ మాటే నెగ్గింది కదా. వీడే ఒప్పుకున్నాడు. చూడు, ఎంతమంది చప్పట్లు కొట్టారో.”

“నా మాట నెగ్గిందిరా,” అంది ఆమె. “కానీ కావలింత వాడికి దక్కింది.”

ఆ చెయ్యి తీసేసి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది. ఐదంతస్తులూ ఎక్కింది. కోటు విప్పకుండానే ‘తక్కువ వెలుతురు’ పెట్టి మూడో పాట దగ్గర కూర్చుంది. ఆర్గాన్ ఎక్కి ఆగింది. ఆ ఆగిన చోట ఆమెకి ఒరియానో గొంతు వినిపించింది, మైకులో, కొంచెం వణుకుతూ. మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. మళ్ళీ అదే. మర్నాడు పొద్దున్న షాపుకి వెళ్ళేముందు ఇంకోసారి పెట్టి చూసింది. తర్వాత ఆ డిస్కుని బీరువా పైన పెట్టేసింది.

శనివారాలు వెళ్ళడం మానేసింది. మొదట్లో దెల్మో బీపీ మాత్రల కోసం వచ్చినప్పుడు కబుర్లు చెప్పేవాడు. ఒరియానోని సవోనాకి పిలిచారట, తోరినోకి పిలిచారట. బ్యాండ్ చివరి దశ మీద మాట్లాడుతున్నాడట. మొదటి నుంచీ తనది అదే అభిప్రాయమని అంటున్నాడట.

“ఇన్నేళ్ళూ నువ్వూ ఆ బల్ల దగ్గరే ఉన్నావుగా. ఏమీ అనలేదా?” అంది ఆమె.

“నేనేమంటాను? నేను డ్రైవర్ని.”

“డ్రైవర్లకి చెవులుండవా?”

దెల్మో మాత్రలు జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత వాడు వేరే షాపులో కొనుక్కోవడం మొదలుపెట్టాడు.

వసంతకాలంలో ఒకరోజు ఒరియానోయే మందుల షాపుకి వచ్చాడు. జనం ఉన్నారు. వాడు వరుసలో ఓపిగ్గా నిలబడి, తన వంతు వచ్చాక దగ్గుమందు అడిగాడు. ఆమె సీసా తీసి కౌంటరు మీద పెట్టింది.

“నీ మీద నాకేం కోపం లేదు,” అన్నాడు వాడు.

“సంతోషం.”

“తొంభై ఆరు నాటి ఆల్బమ్ మళ్ళీ విడుదల చేస్తున్నారు. లోపలి వ్యాసం నన్నే రాయమన్నారు.” గొంతు తగ్గించాడు. “అందులో ఆఖరి పాట గురించి నువ్వేదో అంటూ ఉండేదానివి. ఏమిటది? నాలుక చివర ఉంది, రావట్లేదు.”

ఆ పాట గురించి ఆమె ఎన్నడూ ఏమీ అనలేదు. ఆ ఆల్బమ్ ఆమెకీ నచ్చదు. అప్పటికి డ్రమ్మర్ వెళ్ళిపోయాడు. అంతటా యంత్రమే దరువు వేసింది. ఆ సంగతి అభిమానులందరికీ తెలుసు. వాడికి ఇంకా బాగా తెలుసు.

ఆమె వాడి ముఖంలోకి చూసింది. సిగ్గు ఏమూలైనా ఉందేమోనని వెతికింది. వాడు నిజంగానే గుర్తుచేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు.

“రేకుల కప్పు,” అంది. “ఆ దరువు రేకుల కప్పు మీద వాన చప్పుడులా ఉంటుందన్నాను. చిన్నప్పుడు మా పిన్ని వాళ్ళ ఇంటికి రేకులుండేవి. వాన వస్తే పిన్ని మాట్లాడ్డం ఆపేసి పైకి చూసేది. ఆ డ్రమ్మర్ కూడా వాన వింటూ వాయించాడని.”

ఆమెకి పిన్ని లేదు.

“ఆఁ, అదే,” అన్నాడు ఒరియానో, కళ్ళు మూసుకుని. “పైకి చూసేది. అదే.” దగ్గుమందు మర్చిపోయి వెళ్ళిపోతుంటే ఆమె వెనక్కి పిలిచి ఇచ్చింది.

ఆరోజంతా ఆమెకి హుషారుగా ఉంది. యంత్రం వాన వింటూ వాయించిందని అచ్చులో వస్తుంది. ఊరంతా నవ్వుతుంది. బ్రూనెంగో ముందుగా నవ్వుతాడు, ఆ యంత్రాన్ని నడిపింది ఆయనే కాబట్టి. ఇంటికి వెళ్ళాక చాలా రోజుల తర్వాత వైన్ పోసుకుంది.

ఆల్బమ్ వచ్చిన వారం, షాపులో రేడియో మోగుతోంది. ప్రాంతీయ వార్తల తర్వాత ఒరియానో గొంతు వచ్చింది. మా పిన్ని ఇంటికి రేకుల కప్పుండేది, డ్రమ్మర్ ఆ వాన వింటూ వాయించాడు అని చదివాడు. ఆమె చేస్తున్న పని ఆపింది. తర్వాత ఫోనులో బ్రూనెంగోని కలిపారు. ఆ వ్యాసం మీకెలా అనిపించిందని అడిగింది రేడియో అమ్మాయి.

ముసలాయన నవ్వుతాడని నీవెస్ ఎదురుచూసింది.

“ఏం చెప్పమంటారు,” అన్నాడాయన. ఆ గొంతులో అదే తడి. “రేకుల మీద వాన. సరిగ్గా అదే మేము అనుకున్నది. ఇన్నేళ్ళకి దాన్ని విన్నవాడు ఈయనొక్కడే.”

కౌంటరు అవతల ఒకావిడ చీటీ పట్టుకుని నిలబడి ఉంది. “డాక్టరమ్మా, ఇది తిండికి ముందా, తర్వాతా?” అని రెండోసారి అడిగింది.

“తర్వాత,” అంది నీవెస్. రేడియో కట్టేసి, డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది.