తులసి చూసిన ఎలుగు

“నాలుగు రోజులు నువ్వూ దొరసానిలా కాళ్ళు బారజాపుకుని కూర్చోవే,” అన్నాడు పూర్ణచంద్రరావు, పెరట్లో అంట్లు తోముతున్న భార్య తులసితో. అని, చేతిలోని కాఫీ గ్లాసును కూడా ఆ అంట్లలోనే పడేసి వెళ్ళాడు.

రేపల్లెలో బియ్యం మిల్లున్న మనిషి. స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఏళ్ళయినా కదలని ఒక పొగాకు కంపెనీ దొర, ఎట్టకేలకు గుంటూరు వదిలిపోతూ సామాను వేలం వేశాడు. కుర్చీలూ బల్లలూ తెలివైనవాళ్ళు పాడుకున్నారు. ఎవరికీ అక్కర్లేని గాలం కర్రను పూర్ణచంద్రరావు పాడుకున్నాడు. దానితోపాటు ఒక రేకు పెట్టె వచ్చింది. పెట్టెలో కొక్కేలు, ప్రతి కొక్కేనికీ రంగు ఈకలతో కట్టిన ఈగ. అడుగున ఒక ఇంగ్లీషు బొమ్మల పత్రిక. అందులో దొరా దొరసానీ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి చెరొక కర్రతో ఆ ఈగలను ఏటిమీదికి విసురుతున్నారు. అవతలి ఒడ్డున ఒక ఎలుగుబంటి, వీళ్ళ పని ఎప్పుడవుతుందా అన్నట్టు కూర్చుని ఉంది. ఆ బొమ్మ చూశాక ఆయన కాలు మిల్లులో నిలవలేదు. నల్లమలలో వాగులున్నాయి, వాగుల్లో చేపలున్నాయి, ఎలుగులకైతే కొదవే లేదు. పైగా, పెళ్ళాన్ని తెనాలి దాటించలేదన్న మాట కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ బొమ్మను తులసీ చూసింది. మంచం కింద ఊడుస్తుంటే దొరికింది. చీపురు పక్కన పెట్టి చాలాసేపు చూసింది. చేపను కాదు, ఎలుగునూ కాదు. దొరసాని చేతుల్లో గిన్నె లేదు. చుట్టుపక్కల ఎక్కడా పొయ్యి లేదు. మధ్యాహ్నం వీళ్ళకు వండి పెట్టేదెవరో కింద రాసే ఉంటారు, ఇంగ్లీషు రాక తనకు తెలియడం లేదు అనుకుంది.

ఆ సందేహం అత్తగారు సుబ్బరత్నమ్మ తీర్చింది. “వాడికి బయటి తిండి పడదు,” అంది. ఆ ఒక్క మాటతో కిరసనాయిలు స్టవ్వు, బియ్యం మూట, తవుడు మూట, కందిపొడి, గోంగూర పచ్చడి జాడీ సామానులోకి ఎక్కాయి. తవుడు కొడుకు గాలానికి. “రోలు కూడా పంపేదాన్నే, రైల్లో ఒప్పుకోరేమోనని,” అని నొచ్చుకుంది. పిల్లలిద్దర్నీ తన దగ్గరే ఉంచుకుంది. “పిల్లలు కూడా లేకపోతే నీకక్కడ పనేముంటుందే? హాయిగా ఉండు.”

రేపల్లెలో ఎక్కి, తెనాలిలో మారి, గుంటూరులో మళ్ళీ మారి, గిద్దలూరు దాటాక అడవిలో ఒక చిన్న స్టేషనులో దిగారు. ఒడిలో పచ్చడి జాడీ పెట్టుకునే తులసి దారి పొడుగునా కిటికీలోంచి చూసింది. వరిచేలు అయిపోయి ఎర్రనేల వచ్చింది, ఎర్రనేల అయిపోయి కొండలు వచ్చాయి. సొరంగంలోకి రైలు దూరినప్పుడు, ఇప్పుడు నేను ఎవరికీ కనపడను కదా అనుకుని చీకట్లో నవ్వుకుంది. వెలుగు రాగానే ఆయన, “మంచినీళ్ళివ్వు,” అన్నాడు.

అడవి బంగళా చిన్నది. వెనక వంటపాక, దాని పక్కన వాగు. కాస్త ఎగువన ఎలుగుల్ని చూడటానికి కట్టిన మంచె. కావలి కొండయ్య అన్నీ చూపించాడు. “కదలకుండా కూసోవాల సారూ. మనం పోయి ఎతికితే రాదు, దానంతటది వస్తాది,” అన్నాడు.

మొదట చేపల పని పట్టాడు పూర్ణచంద్రరావు. పొద్దున్నించీ ఈక ఈగను వాగులోకి విసిరాడు. అది నీటిమీద తేలుతూ నిజం ఈగలాగే గంతులు వేసింది. చేపలు రాకపోయేసరికి ఆయనకు దొరమీదే అనుమానం వచ్చింది. “ఎర లేకుండా ఏ చేపొస్తుందే? దొరలకు మిల్లులు లేక తెలియలేదు గానీ,” అని తవుడు తడిపి, ఉసిరికాయంత ముద్ద చేసి ఈగ మీద అంటించాడు. తేలాల్సిన ఈగ తవుడు బరువుకు రాయిలా మునిగింది. దొర గనక చూసి ఉంటే ఓడ దిగి ఈదుకుంటూ వెనక్కి వచ్చేసేవాడు.

దిగువన తులసి అన్నం గిన్నె తోముతోంది. తవుడు కనపడగానే ఆమె చేతులకు కర్లపాలెం గుర్తొచ్చింది. అక్కడ పుట్టింటి వెనక కాలువలో అన్నతోపాటు తనూ చేపలు పట్టేది. చెంబులో తవుడు వేసి, మూతికి గుడ్డ కట్టి, గుడ్డకు చిన్న చిల్లు పెట్టి నీళ్ళలో ముంచితే చాలు, లోపలికి దూరిన చేపపిల్లకు బయటి దారి తెలియదు. పెద్దమనిషైన ఏడు అమ్మ ఆ చెంబు లాక్కుని, ఇక నీకీ ఆటలేంటి, వంట నేర్చుకో అంది. అన్న మాత్రం పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా అదే చెంబుతో పట్టేవాడు. ఇప్పుడు అటూ ఇటూ చూసి, గిన్నెలో తవుడు వేసి, పాత చీర ముక్క చింపి మూతికి కట్టి, రాళ్ళ మధ్య ముంచింది. మధ్యాహ్నానికి పులుసుకు సరిపడా పడ్డాయి. అవి గిన్నెలో గిలగిలలాడుతుంటే తులసి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు తనదేనా అని వెనక్కి తిరిగి చూసుకుంది కూడా.

పులుసు జుర్రుకుంటూ పూర్ణచంద్రరావు తేల్చేశాడు. “నా ఎర వాసనకే అవి ఒడ్డుకొచ్చాయి. అక్కడ నీ గిన్నె ఉంది, పడ్డాయి.” సాయంత్రానికి కొండయ్యతో, “ఇవాళ బాగానే పట్టానోయ్,” అన్నాడు. తులసికి ఇది కొత్త కాదు. మిల్లు కూలీలకు తను పెట్టిన ఆవకాయ ‘మిల్లు ఆవకాయ’ అయింది. తను కన్న పిల్లలు ‘పూర్ణయ్య గారి పిల్లలు’ అయ్యారు. చేపలదేముంది, పోనీ అనుకుంది.

మూడోనాటి మధ్యాహ్నం ఆయన తిని మంచె ఎక్కాడు. గురక వంటపాక దాకా వినిపిస్తోంది. తులసి మూకుడు తోముతోంది. అప్పుడు మిల్లులో ఊక ఊదే గొట్టం చప్పుడు వినపడింది. ఇక్కడ మిల్లేంటని తలెత్తింది. వాగు ఇవతలే, చెదపుట్ట దగ్గర, ఎలుగు. పుట్టలో మూతి పెట్టి చెదల్ని పీలుస్తుంటే ఆ చప్పుడు. వీపు మీద పిల్ల, తల్లి జుట్టు పట్టుకుని గుర్రం మీద కూర్చున్నట్టుంది.

తులసి భయపడాలనే అనుకుంది. కానీ భయం కన్నా ముందు చూపు అటు వెళ్ళిపోయింది. ఎలుగు పిల్లను మోస్తూనే రెండు చేతులతో పుట్టను పడదోస్తోంది. ఇది నా పనిలాగే ఉందే అనుకుంది తులసి. అంతలోనే, కాదు, దీని పని వేరు అనుకుంది. ఇది తవ్వింది ఇదే తింటోంది. ముందు తనే తింటోంది, కడుపునిండా తింటోంది. ఎవరో తిని లేచాక మిగిలింది గీక్కుని తినడం దీనికి ఎవరూ నేర్పలేదు. ఎలుగు తలెత్తి ఆమె వైపు చూసింది. ఛాతీ మీద నెలవంకలా తెల్లటి మచ్చ. తులసి మూకుడు పట్టుకుని అలాగే ఉంది. తనను చూసి మంచినీళ్ళు అడగని, కాఫీ అడగని, తువ్వాలు ఎక్కడ పెట్టావే అనని కళ్ళు, పెళ్ళయ్యాక ఇవే మొదటివి. ఎలుగు తీరిగ్గా చూసి, మూతి దులుపుకుని, పిల్లతో సహా పొదల్లోకి వెళ్ళిపోయింది.

తులసి పరుగున మంచె కిందికి వెళ్ళి భర్తను లేపి చెప్పింది. “ఎవరి గేదో అయ్యుంటుందిలే,” అన్నాడు ఆయన ఆవలిస్తూ. “టీ పెట్టు.” కొండయ్య వెళ్ళి తడినేల మీద అడుగులు చూసి వచ్చాడు. “గేదె కాదు సారూ, పిల్లల తల్లి. అమ్మ అదృష్టవంతురాలు.” పూర్ణచంద్రరావు టీ తాగకుండానే మళ్ళీ మంచె ఎక్కాడు.

తిరుగు రైలు గుంటూరు చేరేటప్పటికి అది “మనం చూసిన ఎలుగు” అయింది. తెనాలిలో “నేను చూసిన ఎలుగు” అయింది. రేపల్లె స్టేషనులో దిగేటప్పుడు దూడంత ఉన్నది, మిల్లు గుమ్మం దాటేసరికి గేదెంత అయింది. చేబ్రోలు నుంచి బియ్యం కొనేవాళ్ళు వచ్చిన రోజున మిల్లు కప్పుకు తల తగిలి వంగి నిలబడాల్సి వచ్చింది పాపం దానికి. చెప్పేటప్పుడు ఆయన రెండు చేతులూ చాపి కొలత చూపించేవాడు, పంజా విసిరి చూపించేవాడు. తులసి కాఫీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి వినేది. అందులో తనకూ ఒక వేషం ఉంది. మొదట కెవ్వుమంది. తరవాత ఏడ్చింది. పంటలు ఇంటికొచ్చే నాటికి మూర్ఛపోయింది. “ఎంత పిరికిదానివే తల్లీ,” అని బజార్లో తెలిసినవాళ్ళు జాలిపడేవారు.

అన్నం వడ్డిస్తూ ఒకసారి చెప్పి చూసింది. “నేను మూర్ఛపోలేదు కదండీ.”

“కథకు అందంగా ఉంటుందని అన్నాలే. నీ సొమ్మేం పోయింది?” అన్నాడాయన. “మగాడి మాటకు ఎదురేంటే,” అంది అత్తగారు.

సొమ్మేం పోయిందో తులసికి తెలుసు. కళ్ళు మూసుకుంటే ఈమధ్య ఎలుగు సరిగ్గా కనపడటం లేదు. ఆయన చెప్పే, మిల్లు కప్పును తాకే జంతువు అడ్డం వస్తోంది. ఇంకో ఏడు ఇలాగే వింటే, నిజంగా మూర్ఛపోయానేమోనని తనే నమ్ముతుంది. చేపలు ఇచ్చేశాను, ఎలుగును ఇవ్వను అనుకుంది.

వేసవిలో బాపట్లలో ఆడబిడ్డ సరోజిని గృహప్రవేశం. భోజనాలయ్యాక కొత్త హాల్లో చుట్టాలంతా కూర్చున్నారు. “అన్నయ్యా, ఎలుగు కథ చెప్పవా,” అంది సరోజిని. ఆయనకు ఆ మాత్రం చాలు. ఎలుగు గర్జించింది, రెండు కాళ్ళ మీద లేచింది, ఆయన గాలం కర్ర చూపించి నిలబెట్టాడు. “ఈవిడేమో దబ్బున పడింది. భుజాన వేసుకుని బంగళా దాకా మోసుకొచ్చా.”

“ఏం వదినా, పాపం మా అన్నయ్య భుజం నొప్పి ఇప్పటికైనా తగ్గిందా?” అని సరోజిని కన్ను గీటింది. హాలంతా నవ్వింది.

తులసి చేతుల్లో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. అందరికీ అందిస్తూ నవ్వాల్సిన చోటు అది. ఆమె పళ్ళెం తీసుకెళ్ళి భర్త ఒళ్ళో పెట్టింది. పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఎలుగు గర్జించలేదండి. ఊక గొట్టంలా చప్పుడు చేసింది. అది వచ్చినప్పుడు ఈయన మంచె మీద నిద్రపోతున్నారు,” అంది.

హాల్లో ఎవరూ గ్లాసు అందుకోలేదు. పూర్ణచంద్రరావు పళ్ళెం ఒలికిపోతుందేమోనని కదలకుండా, “ఏంటే ఇది?” అన్నాడు.

“కాఫీలు చల్లారిపోతాయి, అందరికీ మీరివ్వండి,” అంది తులసి. “నాకు ఇది చెప్పడానికి రెండు చేతులూ కావాలి.”