తేదీ లేని వరస

నేను ఒక క్వెరీని. కంప్యూటరును అడిగే ప్రశ్నను. ఒళ్లంతా కలిపి ఏడు వరసలు. ఓ చిన్న ఊరి క్షయ ఆసుపత్రిలో ఆపరేటరు భానోజీ నన్ను రాశాడు.

నాకున్న పని ఒకటే. ఒక పట్టికలో రోగుల పేర్లుంటాయి. ఇంకో పట్టికలో ఎవరు ఏ తేదీన మందు తీసుకెళ్లారో ఉంటుంది. ప్రతి సోమవారం రెండింటినీ కలిపి, పోయిన వారం రానివాళ్ల పేర్లు చెప్పాలి. మందు మధ్యలో మానేస్తే ఆ జబ్బు మొండిదై తిరిగొస్తుంది.

మూడు సోమవారాలు నేను ఒక్క పేరూ చెప్పలేదు. ఖాళీ కాగితం వచ్చింది. ఖాళీ కాగితం చూస్తే మనుషులకెంత సంతోషమో. పెద్ద డాక్టరు అందరికీ టీ తెప్పించారు. మందులిచ్చే పైడమ్మ మాత్రం తాగలేదు.

"ఏటి బాబూ, సూరప్పడు రెండు వారాలై రానేదు. నీ లిస్టులో ఆడి పేరేదీ?"

"లిస్టులో లేడంటే వచ్చినట్టే కదా పిన్నీ."

"వచ్చినోడి ముఖం నాకు కనపడొద్దేటి? మందు ఇచ్చీదాన్ని నానే కదా."

భానోజీ నన్ను తెరిచాడు. ఒక్కో వరసా మళ్లీ చదివాడు.

తప్పు ఇది. రెండు పట్టికలూ కలిశాక, చివర గుమ్మంలో నిలబడి "పోయిన వారం తేదీ ఉందా?" అని నన్ను అడగమన్నాడు. రానివాడికి తేదీ ఎక్కడిది? లేదని నెట్టేశాను. ఎవరిని వెతకమన్నారో వాళ్లనే. లోపల మిగిలింది వచ్చినవాళ్లే, అందుకే కాగితం ఖాళీ.

భానోజీ ఆ తేదీ మాటను గుమ్మంలోంచి తీసి, పట్టికలు కలిసే చోటికి జరిపాడు. ముందు మందుల పట్టికలో పోయిన వారం తేదీలే ఏరి, వాటిని పేర్ల పక్కన పెట్టమన్నాడు. ఈసారి పేర్లన్నీ నిలిచాయి. పక్కన తేదీ లేనివి మూడు. మొదటిది సూరప్పడు.

పైడమ్మ ఇటుకల బట్టీకి వెళ్లి అతన్ని పట్టుకొచ్చింది.

"దగ్గు తగ్గిపోనాది కదక్కా. ఇంకా మందెందుకు?"

"తగ్గింది దగ్గు. జబ్బు కాదు. నోర్మూసుకుని మింగు."

"నోర్మూసుకుంటే ఎలాగ మింగీది?" అన్నాడు. మింగాడు.

మిగిలిన ఇద్దరూ ఆ వారమే వచ్చారు. ఐదు నెలలైంది. నిన్న సోమవారం మళ్లీ ఖాళీ కాగితమే ఇచ్చాను. ఈసారిది నిజం ఖాళీ. పైడమ్మ నమ్మలేదు. తన రిజిస్టరు తెరిచి, పేరు పేరునా వేలు పెట్టి చూసుకుంది. సూరప్పడి దగ్గర వేలు కాసేపు ఆగింది. తేదీ ఉంది.

"టీ చెప్పు బాబూ," అంది.