వదులుకున్నందుకు విందు

నాకోసం ఏర్పాటు చేసిన డిన్నరుకి బయల్దేరే ముందు నేను ఇంట్లో వంట చేశాను. "ఆ ఓటల్ తిండి నాకు పడతాదో లేదో, ఒచ్చాక తింటాను. రవ్వంత సారు కాసి ఉంచమ్మా" అన్నారు అత్తయ్య. చారు కాచి, అన్నం వండి, గిన్నెలు తోమి, చీర మార్చుకునేసరికి మా ఆయన రాబర్ట్ కింద కారు హారన్ కొడుతున్నారు. "నీకోసమే కదా ఎల్తన్నాం! నువ్వే లేటు సేస్తే ఎలాగ?"

విజయనగరం పెద్దాసుపత్రిలో ఏళ్ళ తరబడి స్టాఫ్ నర్సుగా చేశాక హెడ్ నర్సుగా ప్రమోషన్ వచ్చింది. పోస్టింగు ఒడిశా సరిహద్దులో ఉన్న పాతపట్నం. రోజూ వెళ్ళి రావడం కుదరదు, అక్కడే ఉండాలి. చెప్పగానే రాబర్ట్ ఎంత సంబరపడ్డారో! ఆ వెంటనే, "పేరొచ్చింది, అది సాలు. ఒద్దని సెప్పేయ్. నువ్వెల్లిపోతే ఇల్లెలా నడుస్తాది?" అన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు. మా ఇంట్లో నా మౌనం ఎప్పుడూ ఔను కిందే లెక్క.

విశాఖ బీచ్ రోడ్డులో, మేడ మీద ఉంది ఆ రెస్టారెంటు. అద్దాల గోడ అవతల సముద్రం. లోపల నీలం దీపాలు, ఎక్కణ్ణుంచో సన్నగా పియానో. గోంగూర పాస్తా, మెత్తళ్ళ పిజ్జా లాంటి పేర్లు మా అనిత చదువుతుంటే అత్తయ్య బుగ్గ నొక్కుకున్నారు. "ఎండు సేపలు రొట్టె మీదేసి కాల్సడమేటి, యేసయ్యా!" అనిత ఇంటర్ చదువుతోంది. నానమ్మ మాటకి పడీ పడీ నవ్వింది.

నైట్ డ్యూటీ దిగి నేను సరిగ్గా నిద్రపోలేదు. మెత్తటి కుర్చీలో వాలగానే ఒళ్ళంతా తేలిపోతున్నట్టనిపించింది. చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి, నావి కానట్టు. గ్లాసులో నీళ్ళు ఎవరో పోశారు. ప్లేటు ఎవరో పెట్టారు. అలవాటు కొద్దీ అత్తయ్యకి వడ్డించబోతే, వడ్డించే అమ్మాయి నా చేతిలోంచి గరిటె అందుకుని, "మీరు కూర్చోండి మేడమ్" అంది.

కూర్చోండి. ఆ మాట ఇంతకు ముందు ఎవరన్నారు నాతో? ఎప్పుడో వైద్య శిబిరానికి పాతపట్నం వెళ్ళినప్పుడు పొద్దున్నుంచీ నిలబడే బీపీలు చూస్తున్నాను. ఒక ఒడియా ముసలమ్మ బెంచీ మీద పక్కకి జరిగి, ఖాళీ చోటుని చేత్తో తట్టి, "బొసొ మా, బొసొ" అంది. రోగి నర్సుని కూర్చోమంటోంది! కూర్చున్నాను. మహేంద్రతనయ నది మీంచి చల్లటి గాలి వీచింది. ఆ గాలే ఇప్పుడు ఈ అద్దాల్లోంచి లోపలికొచ్చి నన్ను ఎక్కడికో తీసుకుపోతోంది. చిన్న గది. ఒక కిటికీ, ఒక మంచం, ఒక్కరికి సరిపడా ఎసరు. డ్యూటీ నుంచి వచ్చి, దీపమైనా వెయ్యకుండా అలా చీకట్లో కూర్చుంటాను. "షీబా!" అని ఎవరూ కేకెయ్యరు. ఆకలేస్తే వండుకుంటాను, లేకపోతే పడుకుంటాను. వార్డులో ఎవరి ఊపిరి తేడాగా వినిపించినా ఉలిక్కిపడే నాకు అక్కడ నా ఊపిరి వినిపిస్తుంది. ఇలా కోరుకోవడం పాపమా? చర్చిలో ఎవరినైనా అడిగితే ఏమంటారో! అడగాలని లేదు.

పాస్తా పొగలు కక్కుతోంది. వేడిగా ఉండగానే తిన్నాను, ఆఖరి ముద్ద దాకా.

అప్పుడు కేకు వచ్చింది. రాబర్ట్ లేచి నిలబడి, పక్క టేబుల్ వాళ్ళకి కూడా వినపడేలా మొదలుపెట్టారు. "మా మిసెస్‌కి హెడ్ నర్సు ప్రమోషనొచ్చిందండీ. ఐనా ఫేమిలీ కోసం వదిలేసుకుంటన్నాది. ఈ రోజుల్లో ఎవరు సేస్తారండీ అలాగ?"

పక్క టేబుల్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. "మా కోడలు బంగారం" అంటూ అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేశారు. ఈ విందు ప్రమోషన్ వచ్చినందుకు కాదని అప్పుడు అర్థమైంది నాకు.

చప్పట్లు ఆగాయి. నా గొంతు ఎవరిదో గొంతులా నాకే వినిపించింది. "నేను వదులుకోలేదండీ. సోమవారం జాయినవుతన్నాను."

అత్తయ్య చెయ్యి మెల్లగా భుజం మీంచి జారిపోయింది. అనిత ఫోన్ బోర్లా పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఏటి మాటలివి?" రాబర్ట్ మొహాన నవ్వు ఇంకా అలాగే ఉంది. "వంటెవరు సేస్తారు? అమ్మ మందులెవరు సూస్తారు?"

"మీరు."

"అనితకి సదువు..."

"అనిత కాదండీ. మీరు."

ఆయన అటూ ఇటూ చూశారు. గొంతు తగ్గించి, "సర్లే, అందరూ సూస్తన్నారు. పద. ఇంటికెల్లాక మాట్లాడదాం" అంటూ కుర్చీ వెనక్కి నెట్టారు.

నేను లేవలేదు.

"ఇంటికెల్తే నాకు పనుంటాదండీ. ఇక్కడే మాట్లాడండి."