ఇనుప ప్రెస్సు వెనక గోడ

"తడిసిందని గోడని కూల్చేస్తారా బావగారూ?" చిన్నకోడలు కంచం ముందు నుంచి లేవకుండానే అడిగింది.

"కూల్చక? బొట్టు పెట్టి కూర్చోబెట్టమంటావా? నూరేళ్ళు దాటిన కొంప, దాని పని అయిపోయింది."

తోటికోడలు మంచినీళ్ళ చెంబు ఠక్కున పెట్టింది. "మీ గోడ గొడవ నాకొద్దు. ఆడపిల్లలిద్దరూ ఒకే మంచం మీద మోకాళ్ళు తన్నుకుంటూ చదువుతున్నారు. నాకు గది కావాలి."

అందులో అబద్ధం లేదని చిన్నకోడలికి తెలుసు. కానీ ఇల్లు కూలిస్తే కింది హాలు పోతుంది, హాలుతోపాటు తన బైండింగు పనీ పోతుంది. కొత్తది లేచేదాకా గిరాకీ గుమ్మంలో నిలబడి ఉంటుందా? జిగురు పూసిన పుస్తకాలు వంకర పోకుండా ఆరేది ఆ మందపాటి సున్నపు గోడల మధ్యనే. కిందటేడు పెచ్చులూడుతున్నాయని బావగారు దగ్గరుండి నడుమెత్తు సిమెంటు పూయించారు. ఆ వానాకాలం నుంచే బూజు.

"పొద్దున నా ఎముక బద్ద ఇనుప ప్రెస్సు వెనక పడింది," అందామె. కాగితం మడతలు నొక్కే బద్ద అది. "తీద్దామని చెయ్యి పెడితే పొడి సున్నం అంటుకొచ్చింది. ఒకసారి కిందికొచ్చి చూడండి."

"అట్టల కంపెనీ వదిలేట్టు లేదు," అని ఆమె బైండింగుని వెక్కిరిస్తూ గొణుక్కుంటూనే బావగారు మెట్లు దిగారు. వెనకే అందరూ.

పుస్తకాలు బిగించే ఆ ఇనుప ప్రెస్సుని కదపలేక కిందటేడు మేస్త్రీ దాని చుట్టూ పూత వేసి చక్కా పోయాడు. వెనక పాత గోడ అలాగే ఉండిపోయింది. బావగారు మోకాళ్ళ మీద కూర్చుని సందులోకి చెయ్యి దూర్చారు. వేళ్ళు తెల్లగా, పొడిగా వచ్చాయి. పక్కనున్న సిమెంటుని తడిమారు. అరచెయ్యి తడిసింది.

"లోపలి తడి బయటికి పోకుండా నేనే దాని ముక్కు మూశానన్నమాట," అన్నారు.

అత్తగారు గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఒరేయ్, ఇదంతా పడగొట్టి ఎక్కడ పోస్తారు?"

"ఊరి బయట గుంటలో."

"ఈ ఇటుకా, ఈ దూలాలూ గుంటలో పోసి, మళ్ళీ ఇసుకా ఇనుమూ కొనుక్కొస్తావా? ఎంత బుర్ర నాయనా నీది!"

తోటికోడలికి నవ్వు రాలేదు. "మరి నా పిల్లలు?"

చిన్నకోడలు హాలు వెనక కాగితాల కొట్టు వైపు చూసింది. రెండు కిటికీల గది. అది ఇచ్చేస్తే రీములన్నీ తన కాళ్ళకి అడ్డం పడతాయి, పెద్ద పని ఒప్పుకోవడం కుదరదు.

"ఆ కొట్టు ఖాళీ చేస్తానక్కయ్యా," అంది.

"నీ కాగితాలో?"

"సర్దుకుంటాను."

బావగారు బయటికి వెళ్ళిపోయారు.

సాయంత్రం అందరూ టీ తాగుతుండగా ఆయన గ్లాసు కింద పెట్టి, మెల్లగా చెప్పారు.

"కూల్చేవాళ్ళకి రావద్దని చెప్పేశాను. సిమెంటు చెక్కించి మళ్ళీ సున్నమే వేయిద్దాం. కొట్టు పిల్లలకి. రీములు మా పడగ్గదిలో పెట్టుకోమ్మా."